చల్లారిపోయిన ఐదు కప్పులు

జోర్డాన్‌లోని సల్త్ ఊళ్ళో మనిషికి మనిషి ఎదురైతే ఆరోగ్యం అడుగుతారు, పిల్లల సంగతి అడుగుతారు, అది చాలనట్టు ఆరోగ్యమే మరోసారి అడుగుతారు. అబూ ఘాజీని మాత్రం పదకొండేళ్ళ పాటు ఊరంతా ఒక్కటే అడిగింది.

"మైనస్ ఎంత, అబూ ఘాజీ?"

"మైనస్ పది. అంతా దేవుడి దయ" అనేవాడు ఆయన, తలపాగా సర్దుకుంటూ.

అడిగిన వాళ్ళలో ముప్పాతిక మందికి అదేమిటో తెలియదు. రొట్టెల కొట్టువాడికీ తెలియదు, మంగలికీ తెలియదు. మైనస్ పది అంటే మంచిదనీ, మైనస్ ఏడు అన్న రోజున అబూ ఘాజీ ఎవరితోనూ మాట్లాడడనీ, మైనస్ ఆరు అంటే ఆ రోజు ఆయన ఇంటి ఛాయలకు పోకూడదనీ మాత్రం ఊరంతటికీ తెలుసు. అంతకు మించి తెలుసుకుని ఎవరు ఏం చేసుకోవాలి?

అసలు పేరు హాయెల్ ఖ్రైసాత్. హమ్మామ్ బజారు మెట్ల పక్కన ఫ్రిజ్‌లు బాగుచేసే కొట్టు ఉండేది. చదువు ఎనిమిదో తరగతితో సరి. జర్కాలో సైన్యం వాళ్ళ వర్క్‌షాపులో పనిచేస్తూ గ్యాసు ఎక్కడ కారుతోందో పట్టుకోవడం నేర్చుకున్నాడు. గడ్డం గీసుకునే బ్రష్షుతో సబ్బు నురగ పూసి, కళ్ళు చిట్లించి, ఊపిరి బిగబట్టి చూస్తూ కూర్చునేవాడు. ఎక్కడో ఒకచోట ఆవగింజంత బుడగ లేచేది. "అదుగో దొంగ" అనేవాడు. ఊళ్ళో ఏ ఇంట్లో ఏ ఫ్రిజ్ ఎన్నేళ్ళ నాటిదో ఆయనకు కంఠస్థం.

ఊరి బయట కొండ మీద ఆరు దేశాలు కలిసి ఒక ల్యాబ్ కట్టాయి. జోర్డాన్, ఈజిప్టు, ట్యునీషియా, టర్కీ, పాకిస్తాన్, సైప్రస్. కట్టిన మొదటి ఏడాదే వాళ్ళకో చిక్కు వచ్చిపడింది. మనిషి లోపలికి దూరి కూర్చోగలిగినంత ఉక్కు కుండ ఒకటి ఉంది. దానిలోంచి గాలిని పూర్తిగా తోడేయాలి. పంపులు తోడుతూనే ఉన్నాయి, ఎక్కడి నుంచో గాలి దూరుతూనే ఉంది. పెద్ద చదువులు చదివిన ఇంజనీర్లు మూడు వారాలు తలలు బద్దలు కొట్టుకున్నారు. నాలుగో వారం క్యాంటీన్ ఫ్రిజ్ చూడ్డానికి అబూ ఘాజీని పిలిచారు. ఫ్రిజ్ పని ముగించుకుని, వాళ్ళ ముఖాలు చూసి జాలిపడి, "కాస్త సబ్బు ఇప్పించండి" అన్నాడు. కుండలోకి ఎదురు గాలి కొట్టించి, సీలల చుట్టూ నురగ పూసుకుంటూ పోయాడు. గంటలోపల బుడగ లేచింది. మర్నాటి నుంచి ఆయన ఆ ల్యాబ్ ఉద్యోగి.

ఆ కుండ ఎందుకో ఆయనకు చెప్పింది డాక్టర్ సౌసన్. అప్పటికి ముప్పై దాటని పిల్ల, కెరక్ నుంచి వచ్చింది. బంగారపు రేకు మీద పొడి చల్లినట్టు ఏవో అణువులు చల్లి, కుండకున్న సూదిమొన యంత్రంతో వాటిని చూసేది. గాలి ఒక్క పిసరు ఉన్నా రేకు మైలపడిపోతుంది, ఏమీ కనపడదు. లోపల ఎంత గాలి మిగిలిందో పక్కనున్న మీటరు చెబుతుంది: మైనస్ పది అంటే దాదాపు ఏమీ లేనట్టు, ఏడుకో ఆరుకో దిగితే గాలి దూరినట్టు.

"వీటిని చూస్తే ఏం లాభం, డాక్టరమ్మా?" అని అడిగాడు మొదటి వారమే.

"తెలీదు బాబాయ్. తెలీదు కాబట్టే చూస్తున్నాం."

"అమ్ముడుపోయేది ఏమన్నా వస్తుందా?"

"ఇరవై ఏళ్ళకి రావచ్చు, అసలు రాకపోవచ్చు. అందుకే ఏ దేశమూ ఒక్కటే డబ్బు పెట్టలేదు. ఒక్కళ్ళు పెడితే పిచ్చి అంటారు, ఆరుగురు కలిసి పెడితే ఒప్పందం అంటారు."

ఒప్పందం సంగతీ ఆమే అర్థమయ్యేలా చెప్పింది. మన్సఫ్ పళ్ళెం చుట్టూ ఆరుగురు కూర్చున్నట్టు అనుకో బాబాయ్, అంది. అన్నం ఒకరిది, మాంసం ఒకరిది, పెరుగు పులుసు ఒకరిది. పళ్ళెంలో పడ్డాక ఏ ముద్ద ఎవరిదని అడగకూడదు. అయితే ఒకరు లేచిపోతే మిగిలిన ఖర్చు తమ నెత్తిన పడుతుందని ప్రతి దేశానికీ భయం. అందుకని ఒకరు లేస్తే అందరూ లేవాలని రాసుకున్నారు. లేచిన నాడు కరెంటు ఆపేస్తారు, కుండ విప్పేస్తారు, ఎవరి ముక్క వాళ్ళు పట్టుకుపోతారు.

అబూ ఘాజీకి ఆ మాటల్లో ఒక్కటే చెవిన పడింది. కరెంటు ఆపితే పంపులు ఆగుతాయి. పంపులు ఆగితే గాలి లోపలికి వస్తుంది. ఆనాటి నుంచి ఆయన బతుకంతా ఆ గాలిని ఆపడమే.

ఇంట్లో భార్య ఉమ్మ్ ఘాజీ వదిలేదా? కుండ గోడల్లో ఇంకిన తేమ పోవాలంటే దాన్ని అల్యూమినియం రేకుల్లో చుట్టి మూడు రోజులు కాల్చాలి. ల్యాబులో రేకు అయిపోయిన రోజున ఇంట్లో వంటకని దాచిన చుట్ట కూడా ఎత్తుకుపోయాడు.

"కోడిని రేకులో చుడితే గంటలో ఉడుకుతుంది. మూడు రోజులు ఉడికించి నువ్వు లోపల్నించి ఏం తీస్తావు?" అంది.

"ఏమీ తీయను. లోపల ఏమీ లేకుండా చేస్తాను."

"ఆరు దేశాలు చందాలేసుకుని లోపల ఏమీ లేని కుండ కొనుక్కుని, అది నిండకుండా చూడ్డానికి నీకు జీతం ఇస్తున్నాయి. ఈ ముక్క మా అన్నకి చెప్పకు, ఉద్యోగం తనకిమ్మంటాడు."

ఆయన నవ్వేవాడు. ఇప్పుడు ఆ రోజులు తలుచుకుంటే ముందు ఆ నవ్వే గుర్తొస్తుంది ఆయనకు, ఆ తర్వాతే కుండ. చేతికి తొడుగు లేకుండా లోపలి భాగాన్ని ముట్టుకున్నాడని ఒక ట్యునీషియా కుర్ర శాస్త్రవేత్తను ల్యాబు చుట్టూ తరిమిన రోజు. ఒక్క వేలిముద్ర చాలు, దాని జిడ్డు నెలరోజులు ఊరుతూనే ఉంటుంది. ఆ కుర్రవాడు తర్వాత తన పెళ్ళి శుభలేఖ మీద బొటనవేలి ముద్ర వేసి మరీ పంపాడు. పాకిస్తాన్ ఆయన తెచ్చిన మామిడిపళ్ళ వాసన వారంరోజులు గదిలో నిలిచింది. టర్కీ ఆవిడ తన కొడుక్కి ఒంట్లో బాగోలేనప్పుడు కుండ పక్కన నిలబడే ఏడ్చింది, అబూ ఘాజీ ఏం అనాలో తెలియక ఆమెకు మీటరు చూపించి "మైనస్ పది" అన్నాడు. ఆమె కళ్ళు తుడుచుకుని నవ్వింది.

ఏడాదికి రెండుసార్లు ఆరు దేశాల ప్రతినిధులూ మీటింగుకి వచ్చేవారు. వాళ్ళలో సైప్రస్ నుంచి వచ్చే పానికోస్ అంటే అబూ ఘాజీకి ప్రాణం. శాస్త్రవేత్త కాడు. వాళ్ళ ప్రభుత్వంలో ఫైళ్ళు చూసే గుమాస్తా, గుండ్రటి మనిషి, ఎండకు ఎర్రబడే బట్టతల. తనతో పాటు పొడుగు పిడి ఉన్న చిన్న ఇత్తడి గిన్నె, కాఫీ పొడి డబ్బా తెచ్చుకునేవాడు. పరాయి వాళ్ళ కాఫీని నమ్మేవాడు కాదు. ఆ గిన్నెలో ఒకసారికి రెండు కప్పులే అవుతాయి. రెండో కప్పు ఎప్పుడూ అబూ ఘాజీదే.

వస్తూనే నేరుగా కుండ దగ్గరికి వచ్చి, నేర్చుకున్న నాలుగు అరబ్బీ ముక్కల్లో రెండు వాడేవాడు.

"మైనస్ ఎంత?"

ఒకసారి సౌసన్ ఆయనకు తెర మీద అణువులు చూపించింది. బంగారం మీద చిందరవందరగా చల్లినవి, రాత్రి గడిచేసరికి వాటంతట అవే వరసలు కట్టాయి. పానికోస్ చాలాసేపు చూశాడు.

"వీటికి ఎవరు చెప్పారు?" అన్నాడు.

"ఎవరూ చెప్పలేదు. చోటు ప్రశాంతంగా ఉంటే చాలు" అంది సౌసన్.

"మా ఆఫీసులో ఇరవై ఆరేళ్ళుగా చెబుతున్నాను, ఒక్కడు వరసలో నిలబడడు" అన్నాడు పానికోస్. ఆ మాట ల్యాబులో ఏళ్ళ తరబడి చెప్పుకున్నారు.

రెండువేల పదమూడు మార్చిలో సైప్రస్‌లో బ్యాంకులు తలుపులు మూసుకున్నాయి. జనం డబ్బు తీసుకోలేక వీధుల్లో నిలబడ్డ వార్తలు సల్త్‌లో కూడా టీవీలో చూశారు. ఏప్రిల్‌లో మీటింగు. పానికోస్ ముందురోజే దిగాడు. ఈసారి కుండ దగ్గరికి రాలేదు.

మధ్యాహ్నం సౌసన్ పంపుల గదిలోకి వచ్చి తలుపు దగ్గరగా వేసింది. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"బాబాయ్, వాళ్ళు లేచిపోతున్నారు. వాళ్ళ ప్రభుత్వం ఉత్తరం రాసి పానికోస్‌కి ఇచ్చి పంపింది. రేపు పదింటికి మీటింగులో ఇవ్వాలట. నాతో చెప్పి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు."

"ఇస్తే?"

"డిసెంబరుకి మూసేస్తారు."

అబూ ఘాజీ మీటరు వంక చూశాడు. ఆరేళ్ళు. ఆరేళ్ళుగా ఒక్క పూట కూడా ఆగని పంపులు. గాలి లోపలికి వస్తుంది అన్న మాట ఒక్కటే ఆయన బుర్రలో తిరిగింది. కాసేపటికి చేతులు తుడుచుకుని, "జాహా తీసుకెళ్దాం" అన్నాడు.

"ఆయనకి మన పద్ధతులు తెలీవు బాబాయ్."

"కాఫీ తాగేవాడేగా. అర్థమవుతుంది."

పిల్లనడగాలన్నా, చంపుకున్న వాళ్ళని కలపాలన్నా సల్త్ వాళ్ళకు తెలిసిన దారి అదొక్కటే. ఊరి పెద్దలు కలిసి ఆ ఇంటికి వెళతారు. ఇంటాయన కాఫీ ఇస్తాడు. పెద్దాయన కప్పు అందుకుని, తాగకుండా ముందు పెట్టుకుంటాడు. వచ్చిన పని అయిందనిపించుకునే దాకా ఎవరూ ముట్టరు. తన గుమ్మంలో తన కాఫీ చల్లారిపోవడం కంటే తలవంపులు ఇంకొకటి ఉండదు కాబట్టి, ఇంటాయన ఎంత మొండివాడైనా మెత్తబడతాడు.

ఊళ్ళో అలాంటి పెద్ద హాజ్ మిఫ్లెహ్. అబూ ఘాజీకి వరసకు పెదనాన్న కొడుకు. నలభై జాహాలకు ముందు నడిచాడు, ఒక్కదాన్నుంచి కూడా ఉత్తచేతులతో రాలేదు. ఆ మాట ఆయనే రోజూ చెప్పేవాడు. అబూ ఘాజీ వెళ్ళేసరికి అరుగు మీద కాళ్ళు చాపుకుని కూర్చుని ఉన్నాడు.

"పిల్ల ఎవరి తాలూకురా?"

"పిల్ల కాదు అన్నా, ఉత్తరం."

"ఉత్తరాన్ని అడగడానికి జాహా ఏమిట్రా? నీ కుండతో పాటు నీ తలకాయలో కూడా ఏమీ లేకుండా చేశారా వాళ్ళు?"

"ఉత్తరం ఇవ్వొద్దని అడగాలి. ఇస్తే ల్యాబ్ మూతపడుతుంది."

హాజ్ కాసేపు మీసం దువ్వుకున్నాడు. "మూతపడితే నువ్వు మళ్ళీ ఫ్రిజ్‌లు చేస్తావా?"

"చేస్తాను. కానీ గాలి లోపలికి వస్తుంది, అన్నా."

ఆయనకు ఏమీ అర్థం కాలేదు. కానీ తమ్ముడి గొంతు వణకడం ఆయన అంతకు ముందు ఒక్కసారే విన్నాడు, తల్లిని పూడ్చిన రోజు. "నా అబాయా తెమ్మను" అని, జాహాలకు తొడుక్కునే పొడుగు పై అంగీ కోసం లోపలికి కేకేశాడు.

రొట్టెల కొట్టువాడు, మంగలి, బడి నుంచి రిటైరైన హెడ్మాస్టరు కలిశారు. ఐదుగురు. సాయంత్రం అసర్ నమాజు అయ్యాక, ఉతికి ఇస్త్రీ చేసిన బట్టల్లో, కొండ మీద గెస్ట్‌హౌసుకి నడిచారు. భాష కోసం సౌసన్ వెంట వచ్చింది.

పానికోస్ చెప్పులతో, చొక్కా చేతులు మడిచి తలుపు తీశాడు. గుమ్మంలో ఐదుగురు మగవాళ్ళు తీర్చినట్టు నిలబడి ఉండటం చూసి ఆయన ముఖం వెలిగిపోయింది. పొద్దుటి నుంచి ఒంటరిగా ఉన్నట్టున్నాడు పాపం. అందరినీ కూర్చోబెట్టి, "కాఫీ, కాఫీ" అంటూ వంటింట్లోకి పరుగెత్తాడు. రెండు కప్పుల గిన్నె కదా, మూడుసార్లు కాచాడు. ఒక్కో కప్పు పక్కన చన్నీళ్ళ గ్లాసు పెట్టుకుని, పళ్ళెం రెండు చేతుల్లో మోసుకుంటూ వచ్చాడు.

హాజ్ మిఫ్లెహ్ కప్పు అందుకుని బల్ల మీద పెట్టాడు. మిగతా నలుగురూ పెట్టారు.

హాజ్ గొంతు సవరించుకున్నాడు. దేవుణ్ణి తలిచాడు, ప్రవక్తను తలిచాడు, తమ వంశం ఏడు తరాలు చెప్పాడు. పానికోస్ తల ఊపుతూ విన్నాడు. మధ్యలో ఉండబట్టలేక, "తాగండి, చల్లారితే బాగోదు" అన్నాడు.

ఎవరూ కదల్లేదు.

పానికోస్ కప్పుల వంక చూశాడు, వాళ్ళ వంక చూశాడు. ఏదో తట్టినట్టు లేచి వెళ్ళి చక్కెర డబ్బా తెచ్చాడు. హాజ్ తాతగారి దాకా వచ్చాడు కథలో. చక్కెర ఎవరూ ముట్టలేదు. పానికోస్ మళ్ళీ లేచి, ఐదు కప్పులూ తీసుకుపోయి, ఈసారి చక్కెర వేసి కాచి తెచ్చాడు. మళ్ళీ మూడుసార్లు. అవి కూడా వరసగా బల్ల మీద కూర్చున్నాయి. మంగలి నవ్వాపుకోలేక దగ్గు నటించాడు. అబూ ఘాజీ పెదవి కొరుక్కున్నాడు.

"వీళ్ళకి ఏ కాఫీ అలవాటు?" అని పానికోస్ సౌసన్‌ను దీనంగా అడిగాడు. "పాలు కావాలా?"

అప్పుడామె చెప్పింది. ఎందుకు వచ్చారో, ఎందుకు తాగడం లేదో, నెమ్మదిగా, ఆయన ముఖం చూడకుండా.

పానికోస్ కుర్చీలో కూలబడ్డాడు. తల అడ్డంగా ఊపి అన్నాడు, "నేను సంతకం పెట్టేవాణ్ణి కాదమ్మా. ఉత్తరం మోసేవాణ్ణి. నా చేతిలో ఏముంది?"

సౌసన్ చెప్పగానే హాజ్ గడ్డం నిమురుకున్నాడు. "పెళ్ళికూతురి తండ్రులు ముందు ఇదే అంటారు."

"ఇది పెళ్ళి కాదండీ" అన్నాడు పానికోస్. "మా ఊళ్ళో జనం బ్యాంకు ముందు నిలబడి ఏడుస్తున్నారు. మా చెల్లెలికి జీతం లేదు. నేను వెళ్ళి వాళ్ళకి ఏం చెప్పను? కనపడని వాటికి డబ్బు కట్టమని ఎలా అడగను?"

కప్పుల మీద నురగ విరిగిపోయింది. పొడి అడుక్కి దిగింది.

"అడిగింది వేరు, కాఫీ వేరు" అన్నాడు చివరికి. "దయచేసి తాగండి. మీరు నా ఇంటికి వచ్చారు."

"మా దగ్గర అవి రెండూ ఒకటే" అన్నాడు హాజ్ మిఫ్లెహ్, లేచి అబాయా దులుపుకున్నాడు.

అబూ ఘాజీ అందరికంటే చివర బయటికి వచ్చాడు. గుమ్మం దాటుతూ వెనక్కి తిరిగాడు. పానికోస్ నిండు కప్పుల పళ్ళెం పట్టుకుని, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు గది మధ్యలో నిలబడి ఉన్నాడు.

మర్నాడు పదింటికి అబూ ఘాజీ కుండ పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాడు. మీటింగు జరుగుతున్నంత సేపూ మీటరు మీంచి చూపు తిప్పలేదు. పన్నెండుకి మెట్ల మీద సౌసన్ పరుగు వినపడింది.

"ఉత్తరం రాలేదన్నాడు బాబాయ్. మా వాళ్ళు ఇంకా తేల్చుకోలేదు, ఆరు నెలలు గడువివ్వండి అన్నాడు. ఇచ్చారు."

అబూ ఘాజీ స్టూలు మీంచి లేచాడు. పానికోస్‌ను కలిసి చేతులు పట్టుకోవాలనుకున్నాడు. ఆయన అప్పటికే విమానానికి వెళ్ళిపోయాడు.

ఇక చూడాలి ఊళ్ళో సంబరం. హాజ్ మిఫ్లెహ్ "నలభై ఒకటి" అని టముకు వేశాడు. ఆరు నెలలు తిరిగేసరికి ఆ ద్వీపంలో బ్యాంకులు కాస్త తేరుకున్నాయి, వాళ్ళ వంతు వచ్చింది, దాంతో పాటే ఒక కొత్త పంపు కూడా వచ్చింది. అబూ ఘాజీ దాన్ని బిగించి, దిష్టి తగలకుండా నీలం పూస కట్టాడు. ఏ పెళ్ళిలో నలుగురు చేరినా ఆ కథ చెప్పమనేవారు. ఆయన లేచి నిలబడి, చొక్కా చేతులు మడిచి, చక్కెర డబ్బా పట్టుకుని పానికోస్ నడిచినట్టు నడిచేవాడు. "పాలు కావాలా?" అనేసరికి జనం పొట్టలు పట్టుకునేవారు. హాజ్ మిఫ్లెహ్ చనిపోయినప్పుడు కూడా, మూడో రోజు పరామర్శలో ఆ కథే చెప్పుకుని ఏడుస్తూ నవ్వారు.

పానికోస్ మళ్ళీ రాలేదు. ఆయన బదులు కళ్ళజోడు పెట్టుకున్న ఒక అమ్మాయి వచ్చేది. "మా పానికోస్ ఎలా ఉన్నారు?" అని అబూ ఘాజీ ప్రతిసారీ అడిగేవాడు. "వేరే ఆఫీసుకి మారారు" అనేది. ప్రమోషన్ వచ్చి ఉంటుంది అనుకుని ఆయన పొంగిపోయేవాడు.

రెండువేల పద్దెనిమిదిలో అబూ ఘాజీ రిటైరయ్యాడు. ల్యాబులో అందరూ చేరి మన్సఫ్ పెట్టారు. ట్యునీషియా కుర్రవాడు, ఇప్పుడు ఇద్దరు పిల్లల తండ్రి, కథ చెప్పమన్నాడు. ఆయన చొక్కా చేతులు మడిచి మొదలుపెట్టాడు. చక్కెర డబ్బా దాకా వచ్చేసరికి సౌసన్ లేచి బయటికి వెళ్ళిపోయింది.

తర్వాత పంపుల గదిలో ఆమెను పట్టుకుని అడిగాడు. "ఏమైంది డాక్టరమ్మా? నవ్వలేదేం?"

"పోయిన నెల నేను వాళ్ళ దేశం వెళ్ళాను కదా. అక్కడ తెలిసింది. ఆ ఉత్తరం ఆ రోజు ఆయన కోటు జేబులోనే ఉంది బాబాయ్. రాలేదని అబద్ధమాడాడు. వెనక్కి వెళ్ళి తనే చెప్పేశాడట. గడువు ఎలాగూ దొరికిందని ఉత్తరం ఆపుకున్నారు గానీ, ఆయన్ని కొండల్లో ఎక్కడో ద్రాక్ష రైతుల కాగితాల మీద ముద్రలేసే ఆఫీసులో పడేశారు. ఇక పైకి రానివ్వలేదు. మొన్ననే రిటైరయ్యాడు."

అబూ ఘాజీ లెక్కపెట్టుకున్నాడు. ఐదేళ్ళు. ఎన్ని పెళ్ళిళ్ళలో, ఎంతమంది ముందు, ఆ మనిషిలా నడిచి చూపించాడు తను.

ఆ రాత్రి అన్నం ముట్టలేదు. వారం తర్వాత పాస్‌పోర్టుకి ఫొటో దిగాడు. ఉమ్మ్ ఘాజీ తలుపుకి ఆనుకుని చూసింది.

"విమానం అంటే చస్తావుగా. ఎక్కడికి?"

"కాఫీ తాగి వస్తాను."

"ఊళ్ళో కాఫీ లేదా?"

చెప్పాడు. ఆమె విని, లేచి ఒక డబ్బా నిండా ఎండబెట్టిన పెరుగు ఉండలు కట్టింది. "ఉత్తచేతులతో వెళ్ళకు" అంది. వీసా సంగతి సౌసన్ చూసుకుంది.

విమానం సముద్రం దాటినంత సేపూ అబూ ఘాజీ కళ్ళు మూసుకుని ఒకే మాట వల్లె వేసుకున్నాడు. పద్ధతి ప్రకారం చేయాలి. తప్పు చేసినవాడు వెళతాడు, కప్పు ముందు పెట్టుకుంటాడు, క్షమించాను అనిపించుకునే దాకా ముట్టడు. వెంట పెద్దలు ఎవరూ లేరు. ఉన్న పెద్దాయన మట్టిలో ఉన్నాడు. ఒక్కడే వెళుతున్నాడు, అంతే తేడా.

లిమసోల్ పట్నం మీదుగా బస్సులో కొండ ఊరికి చేరేసరికి మధ్యాహ్నమైంది. రాతి ఇల్లు, గుమ్మం మీద ద్రాక్ష పందిరి. తలుపు తీసిన మనిషి సగానికి సగం చిక్కిపోయాడు. పానికోస్ ముందుగా నోరు విప్పాడు. ఆ నాలుగు అరబ్బీ ముక్కల్లో రెండు ఇంకా మిగిలే ఉన్నాయి.

"మైనస్ ఎంత?"

అబూ ఘాజీ తలపాగా సర్దుకున్నాడు. "మైనస్ పది" అన్నాడు.

లోపల కూర్చోబెట్టి పానికోస్ వంటింట్లోకి వెళ్ళాడు. అదే ఇత్తడి గిన్నె. రెండు కప్పులు తెచ్చి, ఒకటి అబూ ఘాజీ చేతికిచ్చాడు. అబూ ఘాజీ అందుకున్నాడు. అరవై ఏళ్ళ అలవాటు, దారంతా వల్లె వేసిన పాఠం. చేయి దానంతట అదే కప్పుని బల్ల మీద పెట్టేసింది.

పానికోస్ ఆ కప్పుని చూశాడు. ముఖం మీది నవ్వు మెల్లగా వెళ్ళిపోయింది.

"అబూ ఘాజీ, ఇప్పుడు నా దగ్గర ఇవ్వడానికి ఏమీ లేదు" అన్నాడు, తనకు వచ్చిన ఇంగ్లీషులో. చేయి చక్కెర డబ్బా కోసం వెతుక్కుంది.

ఈ చేతి కదలికనే అబూ ఘాజీ ఐదేళ్ళు ఊరి ముందు నటించింది. ఆయన కప్పు ఎత్తాడు. పొగలు కక్కుతున్న కాఫీ, నాలుక కాలింది. ఆపకుండా తాగాడు, అడుగున పొడి పళ్ళకు తగిలే దాకా. ఖాళీ కప్పు బోర్లించి చూపించాడు.

"నన్ను క్షమించు" అన్నాడు అప్పుడు.

సల్త్‌లో ఇలా ముందు తాగి తర్వాత అడిగినవాడు లేడు. హాజ్ మిఫ్లెహ్ ఉంటే తమ్ముణ్ణి మెడపట్టి గెంటి ఉండేవాడు.

పానికోస్ ఖాళీ కప్పు తీసుకుని లోపలికి తొంగి చూశాడు. కొంగు లేని మగవాడు కళ్ళు ఎలా తుడుచుకుంటాడో అలా మోచేత్తో తుడుచుకున్నాడు.

"ఆ రోజు ఐదు చేశాను" అన్నాడు. "ఇంకా నాలుగున్నాయి."

"పెట్టు" అన్నాడు అబూ ఘాజీ.

రెండు కప్పుల గిన్నె కదా, రెండుసార్లు కాచాడు. రొట్టెల కొట్టువాడిది తాగాడు, మంగలిది తాగాడు, హెడ్మాస్టరుది తాగాడు. గుండె దడదడలాడుతోంది. ఉమ్మ్ ఘాజీ కట్టిన పెరుగు ఉండ ఒకటి నోట్లో వేసుకుని పానికోస్ ముఖం చిట్లించాడు, ఇద్దరూ నవ్వారు. ఐదోది హాజ్ మిఫ్లెహ్‌ది. పానికోస్ చక్కెర డబ్బా ముందుకు జరిపాడు. అబూ ఘాజీ తల అడ్డంగా ఊపి, అన్నగారి అలవాటు ప్రకారం చక్కెర లేకుండానే తాగాడు.